కాలి కండరాల కదలికను లెక్కగట్టే చదువు: మెకానికల్ అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతోంది. మా అక్క మనవడికి సెరెబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కదలికలు దెబ్బతినే స్థితి). మోకాళ్లు వంచి, ముందుకు ఒరిగి నడుస్తాడు. వాడికి తోడుగా ఆస్పత్రికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి అమ్మాయిది ఒకటే పట్టు. ఎంఆర్ఐ స్కాన్‌ల నుంచి కాలి కండరాల మోడల్ తయారుచేసి, అవి ఎలా కదులుతాయో లెక్కగట్టే రంగంలోకి వెళ్తానంటోంది. ఇది డాక్టర్ల పనా, ఇంజినీర్ల పనా నాకు అర్థం కావట్లేదు. తన స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ ప్లేస్‌మెంట్లకు సిద్ధమవుతున్నారు. ఈ చదువుకు మన దేశంలో దారి ఉందా? ఉద్యోగాలుంటాయా? అప్పు చేసి విదేశాలకు పంపాల్సి వస్తుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నమస్కారమండీ. మీ మొదటి సందేహంతోనే మొదలుపెడతాను. మీ అమ్మాయి చెబుతున్న పనిలో స్కాన్ తీసేది రేడియాలజీ విభాగం. ఆపరేషన్ చేసేది ఆర్థోపెడిక్ సర్జన్. రోజూ పిల్లవాడి చేత వ్యాయామం చేయించేది ఫిజియోథెరపిస్ట్. ఆ స్కాన్‌లోంచి ఎముకల్ని, కండరాల్ని విడదీసి, అవన్నీ కలిసి కదిలితే ఏ కీలు మీద ఎంత బలం పడుతుందో లెక్కగట్టేది మాత్రం ఇంజినీరే. ఈ రంగాన్ని బయోమెకానిక్స్ అంటారు. ఇందులో వాడే సరంజామాలో ఎక్కువ భాగం ఆమె క్లాసులో విన్నదే: బలాలు, మొమెంట్లు (తిప్పే బలాలు), చలన సమీకరణాలు, వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడదీసి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. కాబట్టి తప్పు బ్రాంచిలో చేరిందేమోనన్న దిగులు మీకు వద్దు. ఐఐటీ మద్రాస్‌లో టీటీకే పునరావాస పరిశోధన కేంద్రం ఉంది. కూర్చున్న మనిషిని నిలబెట్టే ‘అరైజ్’ వీల్‌చైర్, ‘కదమ్’ అనే కృత్రిమ మోకాలు అక్కడివే. ఆ కేంద్రాన్ని నడిపిస్తున్న ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ మెకానికల్ విభాగానికి చెందినవారు.

అమ్మాయికి ఈ ఆసక్తి ఎక్కడ పుట్టిందో మీరే రాశారు కనుక అక్కడి నుంచే వివరిస్తాను. మోకాళ్లు వంచి నడవడాన్ని క్రౌచ్ గెయిట్ అంటారు. తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు బిగుసుకుపోయి పొట్టిగా అయ్యాయి, అందుకే మోకాలు చాచలేకపోతున్నాడు అన్నది చూడగానే ఎవరికైనా తోచే మాట. ఆ కండరాల్ని పొడిగించే ఆపరేషన్లు చాలాకాలంగా ఉన్నాయి. కానీ హ్యామ్‌స్ట్రింగ్స్‌లో ఎక్కువ భాగం మోకాలితో పాటు తుంటిని కూడా దాటి వెళ్తాయి. మోకాలు వంగితే అవి కురచవుతాయి. తుంటి వంగితే సాగుతాయి. ఈ పిల్లలేమో రెండూ వంచి నడుస్తారు. మరి మొత్తం మీద కండరం కురచయినట్టా, సాగినట్టా? కంటితో చూసి చెప్పలేం. 1996లో అమెరికాలో స్కాట్ డెల్ప్ బృందం కంప్యూటర్ మోడల్‌తో ఈ లెక్క తేల్చింది. క్రౌచ్ గెయిట్ ఉన్నవారిలో ఎక్కువమందికి నడిచేటప్పుడు హ్యామ్‌స్ట్రింగ్స్ మామూలు పొడవులోనో, అంతకన్నా ఎక్కువ పొడవులోనో ఉన్నాయి. పొట్టిగా తేలింది తుంటి ముందు భాగంలో ఉండే సోయాస్ కండరం. పొట్టిగా లేని కండరాన్ని పొడిగిస్తే అది అనవసరంగా బలహీనపడొచ్చు. ఒక పిల్లవాడి కాలికి ఏ ఆపరేషన్ చేయాలి, అసలు చేయాలా వద్దా అన్న నిర్ణయంలో ఇంజినీరు వేసిన లెక్కకు ఇలా చోటు దొరికింది. మీ అక్కగారి మనవడి విషయంలో ఏది సరైనదో వాడిని పరీక్షించే డాక్టర్లే చెప్పాలి. ఈ ఉదాహరణను వాడి వైద్యానికి అన్వయించుకోకండి. కానీ మీ అమ్మాయి పట్టు పట్టింది ఎలాంటి పని కోసమో మీకు తెలియాలని ఇంత వివరంగా రాశాను.

ఇక ఇందులో స్కాన్ పాత్ర ఏమిటో చూద్దాం. డెల్ప్ 1990లో ప్రచురించిన కాలి మోడల్ ఒక పెద్ద వయసు మనిషి కాలు. కండరాల కొలతలేమో కొన్ని మృతదేహాల నుంచి తీసుకున్నవి. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో తొడ ఎముక తరచుగా మెలితిరిగి ఉంటుంది. ఎముక ఆకారం మారితే కండరం కీలును దాటే దారి మారుతుంది. ఆ దారికీ కీలుకూ మధ్య దూరమూ మారుతుంది. తలుపును మడతబందు దగ్గర తోస్తే ఎంత కష్టమో, గడియ దగ్గర తోస్తే ఎంత తేలికో మీకు తెలుసు. ఆ దూరాన్నే మొమెంట్ ఆర్మ్ అంటారు. పిల్లల తుంటి దగ్గర ఈ దూరాలు చిన్నవి. అక్కడ కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా లెక్క మారిపోతుంది. అందుకే ఆ మనిషి స్కాన్ నుంచే ఆ మనిషి మోడల్ కట్టాలన్న పరిశోధన బలపడింది.

సీటీ స్కాన్‌లో ఎముక స్పష్టంగా కనిపిస్తుంది గాని అందులో ఎక్స్‌రే రేడియేషన్ ఉంటుంది. ఎంఆర్ఐలో అది లేదు, పైగా కండరాలు, కొవ్వు, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు వేరువేరు ఛాయల్లో కనిపిస్తాయి. స్కానర్ కాలిని పైనుంచి కిందికి అడ్డకోత బొమ్మల వరుసగా ఇస్తుంది. ఒక్కో బొమ్మలో ఒక్కో కండరం అంచును గీయాలి. దీన్ని సెగ్మెంటేషన్ అంటారు. గీసిన అంచులన్నిటినీ పేర్చితే కండరం మూడు కొలతల్లో లేచి నిలబడుతుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుందో గుర్తించి, ఎముక మీదుగా ఎలా ఒరుసుకుంటూ వెళ్తుందో దారి గీసి, అప్పుడు కదలికల లెక్కలోకి తీసుకెళ్తారు. అంచులు గీయడం ఓపిక పరీక్షించే పని. తొడ ముందు భాగంలో వాస్టస్ కండరాలు ఒకదానికొకటి ఎంత ఆనుకుని ఉంటాయంటే, కొన్ని బొమ్మల్లో వాటి మధ్య గీతే కనిపించదు. ఇప్పుడు డీప్ లెర్నింగ్ అనే ఏఐ పద్ధతితో నడిచే ప్రోగ్రాములు ఈ పనిని చాలావరకు చేసిపెడుతున్నాయి. అవి గీసింది సరిగ్గా ఉందో లేదో చూడటానికి మాత్రం శరీర నిర్మాణం బాగా తెలిసిన మనిషి కావాలి.

మీ అమ్మాయికి ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది. స్కాన్ ఆకారాన్ని ఇస్తుంది, కదలికను ఇవ్వదు. మనిషి పడుకుని, కండరం వదులుగా ఉన్నప్పుడు తీసిన బొమ్మ అది. అందులో కండరం పరిమాణం తెలుస్తుంది, బలం తెలియదు. బలం తెలియాలంటే లోపలి తంతువుల పొడవు కూడా కావాలి. పిక్కలోని సోలియస్ కండరం తంతువులు సుమారు 4 సెంటీమీటర్లే. తొడ మీదుగా ఏటవాలుగా దిగే సార్టోరియస్ తంతువులు సుమారు 40 సెంటీమీటర్లు. పరిమాణాన్ని తంతువు పొడవుతో భాగిస్తే బలాన్ని నిర్ణయించే అడ్డకోత వైశాల్యం వస్తుంది. కాబట్టి పొట్టి తంతువుల సోలియస్ శరీర బరువును మోయగలదు. పొడుగు తంతువుల సార్టోరియస్ ఎక్కువ దూరం ముడుచుకోగలదు గాని అంత బలం చూపలేదు. ఈ తంతువుల పొడవులు మామూలు ఎంఆర్ఐలో కనిపించవు. నీటి అణువులు తంతువుల వెంబడి ఎటు విస్తరిస్తున్నాయో చూసే డిఫ్యూజన్ ఎంఆర్ఐతోనో, కదులుతుండగా చూపించే అల్ట్రాసౌండ్‌తోనో రాబట్టాలి. లేదంటే మృతదేహాల కొలతల మీద ఆధారపడాలి.

ఆ కొలతలతోనూ ఒక చిక్కుంది. 2009లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం 21 మృతదేహాల కాళ్లను కొలిచింది. వారి సగటు వయసు 83 ఏళ్లు. వయసుతో కండరం కరిగిపోతుంది. అందుకని 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయ బృందం ఆరోగ్యంగా ఉన్న 24 మందికి ఎంఆర్ఐ తీసి, కాలిలోని 35 కండరాల పరిమాణాలు కొలిచింది. అవి మనిషి ఎత్తును బరువుతో గుణిస్తే వచ్చే సంఖ్యకు దగ్గరగా నడుస్తాయని తేలింది. 2016లో అపూర్వ రాజగోపాల్ మొదటి రచయితగా స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన మోడల్ ఈ రెండు రకాల కొలతల్నీ కలిపింది. రెండు కాళ్లకూ కలిపి 80 కండర–టెండన్ భాగాలున్న ఆ మోడల్‌ను ప్రపంచమంతా వాడుతున్నారు. కండరాన్ని ఒక గీతగా కాకుండా పూర్తి ఘనరూపంగా తీసుకుని, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో లెక్కించే దారి ఇంకొకటి ఉంది. 2005లో సిల్వియా బ్లెమ్కర్, డెల్ప్ ఎంఆర్ఐ ఆధారంగా అలా చేసి చూపించారు. ఒకే కండరంలో అన్ని తంతువులూ ఒకేలా సాగవని అందులో బయటపడింది. ఫైనైట్ ఎలిమెంట్ ఇష్టపడే మెకానికల్ విద్యార్థికి ఇంతకన్నా మంచి పని నాకు తోచదు.

ఈ లెక్కలు నిజమని ఎలా నమ్మాలని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కొందరికి మోకాలి మార్పిడి చేసినప్పుడు బలాన్ని కొలిచే సెన్సర్లున్న కృత్రిమ కీళ్లు అమర్చారు. వారు నడిచినప్పుడు మోకాలిపై పడే బలం వైర్‌లెస్‌గా బయటికి వస్తుంది. అమెరికా పరిశోధకుడు ఫ్రెగ్లీ బృందం ఈ సమాచారంతో పరిశోధకులకు వరుసగా పోటీలు పెట్టింది. ముందు మీ మోడల్‌తో అంచనా పంపండి, ఆ తర్వాతే అసలు కొలత చూపిస్తాం అన్నది షరతు. ఈ రంగంలో నిజాయతీని నిలబెట్టిన పని అది. మీ అమ్మాయి ఏ మోడల్ చూసినా ‘దీన్ని దేనితో సరిపోల్చారు’ అని మొదట అడగడం నేర్చుకోవాలి.

ఇప్పుడు చదువు సంగతి. ఈ రంగమనగానే చాలామంది పిల్లలు ఆన్‌లైన్‌లో ఏఐ కోర్సులు కొనేస్తున్నారు. నా సలహా వేరు. ముందు డైనమిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, న్యూమరికల్ మెథడ్స్ గట్టిపడాలి. పైథాన్ రావాలి. కాలి కండరాలు ఏ ఎముక మీద మొదలై ఎక్కడ అతుక్కుంటాయో, ఏ కీలును ఎటు వంచుతాయో నోటికి రావాలి. ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం అనాటమీ పుస్తకం చాలు దానికి. ఏఐ ఆ తర్వాత నేర్చుకున్నా ఆలస్యం కాదు. మెకానిక్స్ రాకుండా ఏఐ ఒక్కటే పట్టుకున్నవారు బొమ్మలో అంచులు గీయగలరు గాని, ఆ కాలు ఎందుకు అలా నడుస్తోందో చెప్పలేరు.

పైసా ఖర్చు లేకుండా ఈ వారమే మొదలుపెట్టొచ్చు. శరీర కదలికల్ని లెక్కగట్టే ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్ స్టాన్‌ఫర్డ్ నుంచి ఉచితంగా వస్తుంది. దాంతో అందుబాటులో ఉండే ‘గెయిట్2392’ అనే మోడల్‌లో 23 రకాల స్వేచ్ఛా కదలికలు, 92 కండర భాగాలు ఉంటాయి. అందులో సెమీమెంబ్రనోసస్ అనే హ్యామ్‌స్ట్రింగ్ కండరాన్ని తీసుకోమనండి. మోకాలు ఒక్కటే వంచి పొడవు ఎలా మారుతుందో గ్రాఫ్ గీయాలి. తర్వాత తుంటి ఒక్కటే వంచి, ఆ తర్వాత రెండూ కలిపి వంచి గీయాలి. పైన నేను చెప్పిన క్రౌచ్ గెయిట్ చిక్కుముడి ఆమె కళ్ల ముందే విడుతుంది. సెగ్మెంటేషన్‌కు త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. సాధన చేయడానికి నమూనా స్కాన్‌లూ అందులోనే దొరుకుతాయి.

నాలుగో ఏడాది ప్రాజెక్టును ఇందులోనే చేయమనండి. ‘ఏఐతో నడక లోపాలు కనిపెట్టడం’ లాంటి పెద్ద పేరు వద్దు. కండరం అతుక్కునే చోటును స్కాన్‌లో ఒక సెంటీమీటరు తప్పుగా గుర్తిస్తే మొమెంట్ ఆర్మ్ ఎంత మారుతుంది? తుంటి దగ్గర ఎంత, చీలమండ దగ్గర ఎంత? ఇంత చిన్న ప్రశ్నకు శుభ్రమైన జవాబు రాబడితే ఇంటర్వ్యూలో ప్రొఫెసర్లు గంటసేపు దాని గురించే మాట్లాడతారు.

ఒక హెచ్చరిక కూడా. తెలిసిన స్కానింగ్ సెంటర్ నుంచి ఎవరివో స్కాన్‌లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవద్దు. ఆ ఫైళ్లలో రోగి పేరు, వయసు, తేదీలు ఉంటాయి. పరిశోధనకు వాడాలంటే రోగి అనుమతి, సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి రెండూ కావాలి. మీ ఇంటి పిల్లవాడి స్కాన్ అయినా అంతే. తల్లిదండ్రుల్ని అడగాలి, కాలేజీ గైడ్‌కు చెప్పాలి. వీలైతే సెలవుల్లో పిల్లల ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి తీసుకుని కొన్నాళ్లు కూర్చోమనండి. నడకను చూసే కన్ను అక్కడే వస్తుంది.

పై చదువుకు మన దేశంలో దారి ఉంది. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షను మూడో సంవత్సరం వారు కూడా రాయొచ్చు. 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా గేట్ పేపర్ ఉంది గాని, ఆమె మెకానికల్ పేపరే రాయడం మంచిదని నా అభిప్రాయం. చాలా బయోమెడికల్ ఎంటెక్ కోర్సులు ఆ స్కోరును కూడా తీసుకుంటాయి, మిగతా దారులూ మూసుకుపోవు. ఏ కోర్సు ఏ పేపర్లను అంగీకరిస్తుందో ఆ ఏడాది ప్రకటనలో సరిచూసుకోండి. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. ఐఐటీ ఢిల్లీలోని బయోమెడికల్ కేంద్రం ఎయిమ్స్‌తో కలిసి పనిచేస్తుంది. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలు కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్‌లో విద్యార్థులు ఆస్పత్రిలోనూ గడుపుతారు. ఐఐటీ బాంబే, ఖరగ్‌పూర్‌లలోనూ ఇలాంటి విభాగాలున్నాయి.

అయితే సంస్థ పేరు కన్నా గైడ్ ముఖ్యం. బయోమెడికల్ అన్న బోర్డు కింద బయోసెన్సర్లు, కణజాలాలు, మందుల విడుదల వంటివెన్నో ఉంటాయి. కదలికల మీద పనిచేసే ప్రొఫెసర్ అక్కడ లేకపోతే ఆ సీటు ఎంత పెద్ద సంస్థలో వచ్చినా ఈమెకు ఉపయోగపడదు. ఒక్కోసారి అలాంటి ప్రొఫెసర్ పక్క భవనంలోని మెకానికల్ విభాగంలో ఉంటారు. గత నాలుగైదేళ్లలో వారు ప్రచురించిన పత్రాలు చదివి నిర్ణయించుకోవాలి. డబ్బు విషయానికొస్తే, గేట్‌తో ఎంటెక్‌లో చేరినవారికి నెలకు రూ.12,400 స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. 2023లో సవరించిన ప్రకారం పీహెచ్‌డీలో ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. ‘కండరాల మోడలింగ్ ఇంజినీరు’ అన్న పేరుతో మన దగ్గర వెలువడే ప్రకటనలు చాలా తక్కువ. కానీ ఈ నైపుణ్యాలు కావాల్సిన చోట్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగ్ కేంద్రం, బెంగళూరులో జీఈ, ఫిలిప్స్, సీమెన్స్ వైద్య పరికరాల విభాగాలు, గురుగ్రామ్‌లో స్ట్రైకర్ ఉన్నాయి. స్కాన్ బొమ్మల విశ్లేషణ, ఇంప్లాంట్ల డిజైన్, సర్జరీ ప్లానింగ్ లాంటి పనులకు ఇటువైపే చూడాలి. కృత్రిమ అవయవాలు, పునరావాస పరికరాల సంస్థలు ఇంకో దారి. చాలామందికి తట్టనిది కార్ల కంపెనీల భద్రతా విభాగం. ప్రమాదంలో మనిషి శరీరానికి ఏమవుతుందో వారు ఫైనైట్ ఎలిమెంట్ మానవ నమూనాలతోనే లెక్కిస్తారు. విశాఖ మెడ్‌టెక్ జోన్, సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కుల పేర్లు మీరు విని ఉంటారు. అక్కడ తయారీ పనులే ఎక్కువ. ఎంటెక్ అయ్యాక మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల కన్నా తక్కువ ఉండొచ్చు. ఈ రంగంలో లోతైన పని పీహెచ్‌డీ చేసినవారికే దక్కుతుంది. అంటే ఇంకో ఆరేడేళ్లు. ఇది మీ ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

అప్పు చేసి విదేశాల్లో ఎంఎస్‌కు ఇప్పుడే పంపొద్దు. ఈ రంగంలో పేరున్న స్టాన్‌ఫర్డ్, వర్జీనియా, ఆక్లండ్, బెల్జియంలోని ల్యూవెన్, నెదర్లాండ్స్‌లోని ట్వెంటే వంటి చోట్లకు పీహెచ్‌డీకి వెళ్లడం మేలు. అమెరికాలో ఇంజినీరింగ్ పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా ఫీజు, జీవన భృతి ప్రాజెక్టు నుంచే వస్తాయి. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేసేవారిని విశ్వవిద్యాలయ ఉద్యోగిగా జీతమిచ్చి తీసుకోవడం మామూలు. ఇక్కడ మంచి గైడ్ దగ్గర ఎంటెక్ చేసి, ఒక పత్రం ప్రచురిస్తే అటువైపు తలుపు తట్టడానికి బలం వస్తుంది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు హాజరు కావడంలో తప్పేమీ లేదు, వెళ్లమనండి. ఆఫర్ వస్తే చేతిలో ఉంచుకుని, ఫిబ్రవరిలో జరిగే గేట్‌ను సీరియస్‌గా రాయాలి. మంచి గైడ్ దగ్గర సీటు వస్తే ఉద్యోగం వదులుకోవడానికి మీరు వెనకాడొద్దని నా విన్నపం. రాకపోతే ఉద్యోగంలో చేరి, మళ్లీ రాయొచ్చు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

వేసవి ఇంటర్న్‌షిప్ కోసం ఆమె ప్రొఫెసర్లకు రాయడం ఇప్పటినుంచే మొదలుపెట్టాలి. ఒకే మెయిల్ యాభైమందికి పంపితే ఎవరూ చదవరు. నలుగురైదుగురిని ఎంచుకుని, ఒక్కొక్కరి పత్రం ఒకటి చదివి, అందులో తనకు అర్థంకాని ఒక్క విషయాన్ని అడుగుతూ పది వాక్యాల్లో రాయాలి. మార్కుల జాబితాతో పాటు ఆ హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్‌ను కూడా జతచేయమనండి.